చిన్న కారుకి పెద్ద మెరుపు

మన యిళ్ళల్లో అద్దాల బీరువాలున్నాయి గదా. వాటిల్లో యిదివరకు కొండపల్లి అంబారీ యేనుగూ, దసరా బొమ్మలూ, పెళ్ళిలో వచ్చిన వెండి కుంకుమభరిణెలూ వుండేవి. యిప్పుడు చాలా యిళ్ళల్లో వాటి పక్కన మరో వరస వచ్చి చేరింది. అవే చిన్న చిన్న మోటారు కార్లు. అసలు కారుని అచ్చుగుద్దినట్టు తలుపులూ, దీపాలూ, స్టీరింగుతో సహా చిన్నదిగా పోతపోసి, రంగు వేసిన కార్లు. పిల్లలు ఆడుకునేవి కొన్ని. అబ్బాయో, అమ్మాయో, శ్రీవారో ముచ్చటపడి కొని దాచుకునేవి కొన్ని. విడిభాగాలు తెచ్చి, అతికించి, స్వయంగా రంగు వేసుకున్నవి మరికొన్ని.

ముచ్చట వాళ్ళది, దుమ్ము దులపటం మనది! పండగ ముందు బీరువా సర్దేటప్పుడు తడిగుడ్డ పెట్టి గట్టిగా తుడిస్తే నంబరు అక్షరాలు చెరిగిపోతాయి, వెండిరంగు బంపరు నల్లబడుతుంది, నిగనిగలాడే రంగు మీద సాలెగూడులాగా గీతలు పడతాయి. ఆ తరవాత యింట్లో జరిగే సంభాషణ నేను చెప్పక్కర్లేదు. అందుకే యీ చిన్న కార్ల రంగుని యెలా శుభ్రం చెయ్యాలి, యెలా మెరుగు పెట్టాలి, మైనం యెప్పుడు పూయాలి, అసలు దేనిని ముట్టుకోకూడదు అన్నది చెప్పుకుందాం. యిది నేర్చుకుంటే ఓర్పూ, చేతివాటమూ వున్న యే యిల్లాలైనా నిక్షేపంగా చెయ్యగల పని.

ముందు వీటి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. ఇంగ్లండులో లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1934లో 'డింకీ' అనే పేరుతో పోతపోసిన చిన్న బళ్ళని అమ్మటం మొదలుపెట్టింది. లండనులోని లెస్నీ కంపెనీ 1953లో 'మ్యాచ్‌బాక్స్' కార్లు తెచ్చింది. ఆ పేరు వెనక ఒక తండ్రి కథ వుంది. ఆ కంపెనీలో భాగస్వామి జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మలే తీసుకురావాలని నియమం వుండేదట. ఆయన అగ్గిపెట్టెలో పట్టే రోడ్డు రోలరు ఒకటి చేసి కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల బొమ్మ నించే ఆ వ్యాపారం మొదలైంది. 'హాట్ వీల్స్' 1968లో అమెరికాలో వచ్చాయి. మన దేశానికీ యిందులో భాగముంది. డింకీ వారి పాత అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తాకి వచ్చి, 'నిక్కీ' అన్న పేరుతో యిక్కడే కార్లుగా తయారయ్యాయి. మీ అటక మీది పాత ట్రంకుపెట్టెలో అలాంటివి వుంటే ఆశ్చర్యం లేదు.

అట్టపెట్టె మీద 1:18, 1:43, 1:64 అని అంకెలు వుంటాయి. అసలు కారులో 18వ వంతు, 43వ వంతు, 64వ వంతు అని వాటి అర్థం. 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడరు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. అది 18వ వంతు బొమ్మగా అయితే 24 సెంటీమీటర్లు వుంటుంది. 43వ వంతు అయితే 10 సెంటీమీటర్లు. 64వ వంతు అయితే మన చూపుడువేలు పొడవుకి మించదు.

యిక్కడే ఒక చిక్కు వుంది. కారుని చిన్నది చెయ్యొచ్చుగాని రంగు పూతని అంత పలచన చెయ్యలేరు. అసలు కారు మీది పూతలన్నీ కలిపి మిల్లీమీటరులో పదోవంతుకి కాస్త అటూ యిటూ వుంటాయి. బొమ్మకారు మీదా దాదాపు అలాటి పూతే పడుతుంది. చల్లిన రంగు ఆరేటప్పుడు పైన నారింజ తొక్క మీదున్నట్టు సన్నని గుంటలు పడతాయి. పెద్ద కారు మీద అవి కంటికి ఆనవు. అదే గుంట 18వ వంతు కారు మీద వుంటే, 18 రెట్లు పెద్దదిగా వున్నట్టు లెక్క! అందుకే కొన్ని బొమ్మకార్లు యెంత బాగా చేసినా బొమ్మల్లాగే వుంటాయి. ఆ గుంటల్ని చదును చేస్తే మటుకు నిజం కారు యెదురుగా నిలబడ్డట్టుంటుంది. మెరుగు పెట్టటంలో రహస్యమంతా యిదే.

మెరుపు అంటే యేమిటి? గాలి లేనప్పుడు కోనేట్లో గోపురం నీడ స్పష్టంగా కనిపిస్తుంది. గాలి వీచి అలలు లేస్తే నీడ చెదిరిపోతుంది. నీళ్ళు అవే, గోపురమూ అదే, చెదిరింది పైమట్టమే. రంగు కూడా అంతే. పైమట్టం నున్నగా వుంటే దాని మీద పడ్డ వెలుతురు ఒక్క దిక్కుకే తిరిగి పోతుంది. మనకి తళతళ కనిపిస్తుంది. గీతలూ, గుంటలూ వుంటే వెలుతురు తలోదిక్కుకీ పోతుంది. రంగు వెలిసినట్టు కనిపిస్తుంది.

దీన్నిబట్టి రెండు పనులకీ తేడా తెలుస్తుంది. పాలిష్ పెట్టటమంటే అరగదీయటం. చాలా సన్నని గరుకు పొడి కలిపిన ముద్దతో రుద్దితే పైపూత రవ్వంత అరిగి, పెద్ద గీతల స్థానంలో కంటికి కనపడనంత చిన్న గీతలు వస్తాయి. మైనం పూయటమంటే కప్పటం. అది దేన్నీ అరగదీయదు. సన్న గీతల్లో కాస్త నిండి, పైన పలచని పొరగా నిలిచి, తేమనీ వేలిముద్రల్నీ రంగుకి అంటకుండా చూస్తుంది. గీతలు పడ్డ కారుకి యెంత మైనం పూసినా గీతలు పోవు. బాగున్న కారుకి పాలిష్ పెడితే వున్న రంగు వూరికే అరుగుతుంది. మైనం యెన్నిసార్లైనా పూయొచ్చు. పాలిష్ మాత్రం లెక్కపెట్టి పెట్టాలి. యెందుకంటే అరిగిన రంగు మళ్ళీ రాదు.

యిక పనిలోకి దిగుదాం. ముందు చేతి వుంగరాలూ, గాజులూ తీసి పక్కన పెట్టండి. బల్ల మీద దళసరి తువ్వాలు మడిచి పరచండి. కారు చేతిలోంచి జారినా దెబ్బ తగలదు.

మొదటి పని దుమ్ము తియ్యటం. మన వూళ్ళల్లో దుమ్ము అంటే సగం సన్న యిసకే. పొడిగుడ్డతో తుడిస్తే ఆ యిసకతో రంగుని రుద్దినట్టే. అందుకని మెత్తటి కుంచె తీసుకోండి. మొహానికి పౌడరు అద్దుకునే కొత్త బ్రష్షు యిందుకు చక్కగా పనికొస్తుంది. పై నించి కిందికి తేలికగా దులపండి. తరవాత గోరువెచ్చని నీళ్ళల్లో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి, మెత్తని గుడ్డ ముంచి, గట్టిగా పిండి, అద్దినట్టు తుడవండి. కారుని నీళ్ళల్లో ముంచకండి. లోపలికి పోయిన తేమ యిరుసులకి తుప్పు పట్టిస్తుంది. మూలల్లో దూదిపుల్లతో తుడిచి, ఫ్యాను కింద బాగా ఆరనివ్వండి.

గుడ్డ విషయం మీకు ఒకరు చెప్పాలా? పదేళ్ళు వుతికి వుతికి మెత్తబడ్డ నూలుచీరకి మించింది లేదు. కాని జరీ అంచూ, కుట్టూ, హుక్కూ లేని ముక్క చూసుకోండి. బజారులో దొరికే మైక్రోఫైబరు గుడ్డ కూడా మంచిదే. ఒకసారి నేల మీద పడ్డ గుడ్డని మాత్రం వుతక్కుండా మళ్ళీ వాడకండి.

శుభ్రం చేసిన కారుని కిటికీ దగ్గర వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. నిగనిగలాడుతూంటే మైనం చాలు. పైపైన సాలెగూడు గీతలుంటే పాలిష్ పెట్టాలి. గీత మీద గోరు ఆనిస్తే గోరు అందులో తట్టుకుంటోందీ అంటే, అది పాలిష్‌కి పోయే గీత కాదు, అలా వదిలెయ్యండి. దాన్ని పోగొట్టాలని పట్టుబడితే కింది లోహం బయటపడుతుంది.

యింట్లో స్వయంగా రంగు వేసిన కారైతే ముందు రంగు బాగా గట్టిపడాలి. ముట్టుకుంటే అంటకపోవటం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. యెనామిల్ రంగుకి వారం, రెండు వారాలైనా పడుతుంది. వానాకాలంలో యింకా యెక్కువ. కారుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. రంగు వాసన వస్తూంటే యింకా ఆగాలన్నమాట. తొందరపడితే గుడ్డ నేత అచ్చులు రంగు మీద దిగిపోతాయి.

నారింజ తొక్కలాంటి గుంటలుంటే వాటర్ పేపరు వాడాలి. అది నీళ్ళల్లో తడిపి వాడే నల్లని గరుకు కాగితం. నంబరు పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది. 2000 నంబరుతో మొదలుపెట్టి, 3000, 5000 దాకా వెళ్ళాలి. చిన్న ముక్క కత్తిరించి, పావుగంట నీళ్ళల్లో నానబెట్టి, సబ్బు చుక్క వేసిన నీళ్ళతో తడుపుతూ, వేలి బరువు తప్ప వేరే బరువు లేకుండా, కారు పొడవునా ముందుకీ వెనక్కీ నడపండి. గుండ్రంగా తిప్పకండి. నంబరు మార్చేముందు కారుని కడిగి తుడవండి. ముందు కాగితం నించి రాలిన ఒక్క రేణువు మిగిలినా తరవాత పనంతా పాడవుతుంది. ఆఖరికి కారు మెరుపంతా పోయి పాలగాజులా మసగ్గా అవుతుంది. కంగారు పడకండి, అది అలాగే కావాలి.

అంచుల దగ్గర మహా జాగ్రత్త సుమండీ! తడిరంగు ఆరేటప్పుడు పదునైన అంచుల నించి వెనక్కి లాక్కుంటుంది. అందువల్ల తలుపు అంచులూ, బానెటు మీది గీరలూ, టాపు మలుపులూ, వీటి మీద రంగు అన్నిటికన్నా పలచగా వుంటుంది. నాలుగు రుద్దులకే కింది రంగు తేలుతుంది. పని మొదలుపెట్టకముందే అంచులన్నిటికీ రంగుపని వాళ్ళు వాడే కాగితపు టేపు సన్నగా అంటించండి. చివర్న టేపు తీసి అంచుల్ని పాలిష్ గుడ్డతో ఒక్కసారి తాకితే చాలు.

ఆ తరవాత పాలిష్. కార్ల రంగులకి వాడే రబ్బింగు కాంపౌండులో బాగా సన్నరకం అడిగి తెచ్చుకోండి. గుడ్డని వేలికి చుట్టి, కందిగింజంత ముద్ద తీసుకుని, ఒకసారికి ఒక తలుపో, ఒక బానెటో, అంతవరకే రుద్దండి. ఆగి ఆగి చూడండి. గుడ్డకి రంగు అంటుతోందా? అయితే ఆ రంగు మీద వార్నిషులాంటి పారదర్శకపు పూత లేదన్నమాట. మీరు రంగునే అరగదీస్తున్నారు. మామూలు రంగైతే కాస్తతో సరిపెట్టండి. వెండిరజను కలిపిన మెటాలిక్ రంగైతే వెంటనే ఆపెయ్యండి. ఆ రజను తెగి రంగు మచ్చలు మచ్చలుగా అవుతుంది.

మెరుపు వచ్చాక కారుని మళ్ళీ తడిగుడ్డతో తుడిచి, ఆరాక మైనం. మేలైన కార్ల మైనాల్లో వుండేది కార్నాబా మైనం. బ్రెజిలు దేశపు యీశాన్య భాగంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద యిది పుడుతుంది. యెండకి ఆకులోని తడి ఆరిపోకుండా ఆ చెట్టు కప్పుకునే దుప్పటి అది. ఆకులు కోసి, యెండబెట్టి, దులిపి ఆ మైనాన్ని తీస్తారు. మందుమాత్రల మీద నిగారింపు కూడా చాలావాటికి దీనితోనే. తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కార్నాబా 82 డిగ్రీలు దాటితేగాని కరగదు. అందుకే మన వేసవికి కూడా అది మెత్తబడి దుమ్ము పట్టకుండా నిలుస్తుంది. కొవ్వొత్తి మైనం, కొబ్బరినూనె పూయకండి. నూనె ఆ పూట మెరుస్తుంది, మర్నాడు దుమ్ము పట్టి జిడ్డవుతుంది, నెలకి కమటు వాసన వేస్తుంది.

మైనం గుడ్డకి అంటీ అంటనంత తీసుకుని పలచగా పూయాలి. మందంగా పూస్తే మెరుపు యెక్కువ రాదు, తుడిచే శ్రమే యెక్కువవుతుంది. నాలుగైదు నిమిషాలకి తెల్లగా మసకబారుతుంది. అప్పుడు శుభ్రమైన గుడ్డతో తేలికగా తుడిచెయ్యండి. తలుపుల సందుల్లో తెల్లగా మిగిలిపోతే గట్టిపడకముందే మెత్తని టూత్‌బ్రష్షుతో తియ్యాలి. యేడాదికి రెండు పూతలు చాలు. పాత కారుకి మళ్ళీ రంగు వెయ్యాలనుకుంటే మాత్రం సిలికోను కలిసిన మెరుపు ద్రవాలు ముందుగా పూయకండి. ఆ జిడ్డు మీద కొత్త రంగు నిలవక చేపకళ్ళలాంటి గుండ్రని గుంటలు పడతాయి.

యిప్పుడు ముట్టుకోకూడనివి. కారు మీది అక్షరాలూ, నంబర్లూ, చారలూ రంగు మీద అచ్చువేసినవో, అంటించినవో అయి వుంటాయి. వాటి మీద పాలిష్ తగలకూడదు. బంపర్ల మీది వెండిమెరుపు చాలాసార్లు ప్లాస్టిక్ మీద అతి పలచని పూత. అది రుద్దితే పోతుంది. కుంచెతో దులిపి వూరుకోవాలి. కిటికీ అద్దాలు ప్లాస్టిక్‌వి. థిన్నరు, పెట్రోలు, గోళ్ళరంగు తుడిచే ద్రవం తగిలితే కరిగి మసకబారుతాయి. యిత్తడి సామాను తోమే పొడులు, చింతపండు, బూడిద, పీచు, వీటి దగ్గరికే రానివ్వకండి. టూత్‌పేస్టుతో మెరుగు పెట్టొచ్చని కొందరంటారు. అందులోనూ గరుకు పొడి వుంటుంది, నిజమే. కాని అన్ని పేస్టుల్లో గరుకు ఒకటిగా వుండదు. కారు అడుగున ప్రయత్నించి చూడందే పైన పెట్టకండి.

మన యేటికొప్పాక లక్కబొమ్మల్లోనూ బళ్ళుంటాయి. వరాహనది ఒడ్డున వున్న ఆ వూరి పనివాళ్ళు తరిమెన పట్టిన అంకుడు కర్రకి రంగులక్క ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. తరవాత మొగలి ఆకు ఒత్తి మెరుగు తెస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటికి యీ కాంపౌండులేవీ వద్దు. పొడి మెత్తగుడ్డ చాలు. లక్క స్పిరిటులో కరిగిపోతుంది కనక, చేతులకి రాసుకునే శానిటైజరు తడితో వాటిని పట్టుకోకండి.

ఆఖరున, అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు సంగతులు. తాతగారి నాటి పాత కారు యేదైనా వుంటే దానికి పాలిష్ పెట్టకండి, మళ్ళీ రంగు వెయ్యకండి. సేకరించేవాళ్ళు వెదికేది ఆనాటి అసలు రంగుని. అక్కడక్కడ పెచ్చులూడినా సరే, దానికే విలువ. కొత్త రంగు వేసిన రోజున ఆ విలువ పోతుంది. దాని అట్టపెట్టె వుంటే చెత్తబుట్టలో వెయ్యకండి, దానికీ విలువ వుంది. కొన్ని పాత కార్ల లోహమే పగుళ్ళిచ్చి పొడిపొడి అవుతుంది. పోతపోసిన తుత్తునాగంలో సీసం వంటి మలినాలు కలవటం వల్ల వచ్చే జబ్బు అది. దానికి మందు లేదు. తేమ తగలని చోట పెట్టటమే మనం చెయ్యగలిగింది.

రెండోది పిల్లల ఆరోగ్యం. ఆనాటి రంగుల్లో సీసం కలిపేవారు. అలాంటి రంగుని గీకితే వచ్చే పొడి చేతులకంటి, నోట్లోకి పోతే చిన్నపిల్లల మెదడు యెదుగుదలకి చెరుపు. యిళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించరాదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసి, 2017 నవంబరు నించి అమలుపెట్టింది. ఆటవస్తువులకి ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి నించి తప్పనిసరి. అంతకు ముందరి వస్తువులకి ఆ భరోసా లేదు. కాబట్టి పాత కారుని యెప్పుడూ గరుకు కాగితంతో రుద్దకండి. పెచ్చులూడే కారుని పాకే పిల్లల చేతికివ్వకండి. కొత్తకారుకి పాలిష్ పెట్టినా ఆ పని వంటింటి గట్టు మీద, తినే కంచాల పక్కన చెయ్యకండి. పొయ్యి దగ్గర అసలే వద్దు. చాలా పాలిష్‌లూ మైనాలూ మండే ద్రవాలతో చేసినవే. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

మెరుగు పెట్టిన కారుని పడమటి కిటికీ యెదురుగా పెట్టకండి. యెండకి యెర్రరంగు ముందుగా వెలుస్తుంది. బీరువాలో నాఫ్తలీను వుండలు వెయ్యకండి; వాటి ఆవిరి కొన్నిరకాల ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది. రబ్బరు టైర్లు యేళ్ళ తరబడి ఒక్కచోటే ఆని వుంటే కింది ప్లాస్టిక్‌ని మెత్తపరిచి అంటుకుపోతాయి. అప్పుడప్పుడు కారుని కదిపి పెడుతూ వుండాలి.

మొదటిసారి మొదలుపెట్టేటప్పుడు మంచి కారు మీద చెయ్యి చేసుకోకండి. పిల్లలు ఆడి ఆడి మూల పడేసిన ఓ కొత్తకాలపు కారు తీసుకోండి. సగం బానెటుకి టేపు వేసి మిగతా సగానికే మెరుగు పెట్టి చూడండి. టేపు తీసినప్పుడు రెండు సగాలకీ తేడా మీ కంటికే కనిపిస్తుంది. చెయ్యి కుదిరిందనిపించాక, బీరువా తాళంచెవి అడిగి తీసుకోండి. అసలు యజమానిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డ ఒకటి ఆయన చేతికీ యివ్వండి. సెలవు.